మూడో ఆల్బంలో ఐదో పాట

భయపడటంలో నాకు మంచి అనుభవం ఉంది. వీధి కుక్కకు భయపడతాను, ఇంటి ఓనరుకు భయపడతాను, కరెంటాఫీసు గుమస్తా కళ్లజోడు పైనుంచి ఒక చూపు చూస్తే దానికీ భయపడతాను. అయినా ఒక పాటకు భయపడే రోజు వస్తుందని ఏనాడూ అనుకోలేదు. అందులోనూ నేను రాసిన పాటకు.

రెండు వేల పదకొండు, సెప్టెంబరు నెలాఖరు. సకల జనుల సమ్మె మొదలై రెండు వారాలు దాటింది. బస్సులు డిపోల్లోంచి కదలడం లేదు. బొగ్గు రాక కరెంటు ఎప్పుడు పోతుందో ఎవరికీ తెలియదు. చైతన్యపురిలో నేను రీజనింగ్ చెప్పే కోచింగ్ సెంటర్‌లో షట్టరు సగం దించి క్లాసులు నడిపేవాళ్లం. పిల్లలు వంగి లోపలికొచ్చేవారు, నేనూ వంగే వచ్చేవాణ్ణి. మా ఓనరుది తెనాలి, మాదీ తెనాలే. ఉద్యమం వేడెక్కగానే ఆయన టీచర్లందరినీ తన గదిలోకి పిలిచి తలుపేశాడు.

"ఎవరడిగినా కోదాడ అని చెప్పండయ్యా. మన మాటకీ వాళ్ల మాటకీ పెద్ద తేడా ఉండదు, జిల్లా చూస్తే నల్లగొండ. ఎవరికీ గొడవ ఉండదు" అన్నాడు.

అలా ఆ పూటకు ఐదుగురం కోదాడవాళ్లమైపోయాం. ఒక్కసారిగా ఇంతమంది పంతుళ్లను కన్నందుకు ఆ ఊరు గర్వపడి ఉండాలి.

క్లాసు అయ్యాక పది పన్నెండు మంది ఇళ్లకు పోకుండా వెనక బెంచీల్లో చేరేవాళ్లు. వాళ్లు ఆనంద్ కుమార్ అభిమానులు. ఆ పేరు మీరు విని ఉండరు, ఏడాది క్రితం వాళ్లూ వినలేదు. తీతు అనే కుర్రాడు దిల్‌సుఖ్‌నగర్‌లో సెల్‌ఫోను కొట్టువాడి దగ్గర మెమరీ కార్డులో పాటలు ఎక్కించుకున్నాడు. సినిమా పాటల మధ్య ముప్పై ఒక్క కొత్త పాటలు వచ్చిపడ్డాయి. ఒక గిటారు, ఒక గొంతు, అంతే. డోలక్ లేదు, కోరస్ లేదు. ఎవరి పాటలో తెలుసుకోవడానికి వీళ్లకు నాలుగు నెలలు పట్టింది. చివరికి తన్మయి అనే అమ్మాయి తన కజిన్ ఇంటి అటక మీంచి మూడు సీడీలు పట్టుకొచ్చింది. 'ఆదివారం బెంచీ', 'డబల్ రొట్టె', మూడోదానికి పేరే లేదు. మూడింటి మీదా ఒకటే ముక్క ఉంది. మాటలు, పాట, గిటారు: ఆనంద్ కుమార్. చనిపోయాడని ఆ తర్వాత తెలిసింది. అప్పటినుంచి పిచ్చి ముదిరింది.

తీతుది ఇబ్రహీంపట్నం అవతల పల్లె. మీర్‌పేట్‌లో మేనత్త ఇంట్లో ఉంటూ ఎస్సై పరీక్షకు చదువుతున్నాడు. సాయంత్రమైతే ఎల్బీనగర్ చౌరస్తాలో దీక్షా శిబిరం దగ్గర ఉంటాడు. తన్మయి వాళ్లది రాజమండ్రి. పుట్టింది ఇక్కడే అయినా ఇంట్లో మాట మారలేదు. ఎవరైనా అడిగితే "మాది రాజమండ్రండీ" అని మొహం మీదే చెప్పేది. ఆ పిల్లకు భయం ఎందుకు లేదో నాకు అర్థమయ్యేది కాదు. అర్థం కాక కోపం కూడా వచ్చేది.

మొదటి రోజే తీతు నన్ను అడిగాడు. "సార్, మీరు గీ ఏరియాల శాన ఏండ్ల సంది ఉన్నరు గదా. గీ ఆనంద్ కుమార్ మీకు ఎర్కేనా?"

"తెలీదు" అన్నాను.

ఇప్పుడు తలుచుకుంటే చెంపలు వాయించుకోవాలనిపిస్తుంది. ఆనంద్ నాకు తెలియకపోవడమేమిటి? మూడేళ్లు ఒకే డాబా మీద పక్కపక్క గదుల్లో ఉన్నాం. పగలు ఒక జిరాక్స్ సెంటర్‌లో టైపు చేసేవాడు, మిగతా సమయమంతా గిటారు. చర్చిలో నేర్చుకున్నాడు. గదిలో దుప్పట్లు కట్టి, కంప్యూటరు మైకు ముందు కూర్చుని ఆ మూడు ఆల్బంలు రికార్డు చేశాడు. ఒక్కోటి యాభై సీడీలు కాల్చి పంచిపెట్టాడు. రెండు వేల తొమ్మిది ఆగస్టులో కామెర్లు ముదిరి పోయాడు. డిసెంబరులో ఊరు ఊరంతా రోడ్ల మీదికి వచ్చేనాటికి వాడు మట్టిలో ఉన్నాడు. ఉద్యమంలో ఈ అంకాన్ని వాడు చూడనేలేదు.

మూడో ఆల్బంలో ఐదో పాట నాది. నేను తొమ్మిదో తరగతిలో ఉండగా మా ఇంటి ఓనరు శ్రీరామమూర్తి, ఆయనా మా జిల్లావాడే, కొడుకు పెళ్లికి ఇల్లు కావాలన్నాడు. మేము ఇంకో ఇల్లు వెతుక్కునేలోపే, అమ్మ కిందికి నీళ్లకు వెళ్లినప్పుడు తలుపేసి మా గొళ్లేనికి తన తాళం వేసుకుపోయాడు. లోపల పొయ్యి మీద అన్నం. అమ్మ మెట్ల మీద కూర్చుంది. నేను బడి నుంచి వచ్చేసరికి మాడు వాసన వీధిదాకా వస్తోంది. అదే పాట. ఒకరోజు ఆ కథ విని ఆనంద్ గిటారు తీశాడు. "అరేయ్ గౌతమ్, గా కత నాకియ్యరా" అన్నాడు. నేను రాసిన ఒక్కో లైను వాడు తన యాసలోకి తిప్పి చెబుతుంటే, నేను మళ్లీ సాపుగా వాడి నోట్‌బుక్‌లో ఎక్కించాను. వాడి రాత వాడికే అర్థమయ్యేది కాదు, చూసి పాడాలంటే నా రాతే కావాలి.

నీ తాళం నువ్వే తీస్కపో
నా వాకిలి నాకిడిసిపో
మెట్ల మీద అమ్మ కూసుంది
పొయ్యి మీద బువ్వ మాడుతుంది

సీడీ మీద నా పేరు వేస్తానంటే నేనే వద్దన్నాను. గ్రూప్ వన్‌కు చదవమని పంపిస్తే పాటలు రాస్తున్నావా అని మా నాన్న తిడతాడని. చూశారుగా, అప్పుడూ భయమే.

ఆ పాట ఇప్పుడు ఎల్బీనగర్ శిబిరంలో మైకులో మోగుతోంది. 'నీ తాళం నువ్వే తీస్కపో' అని ఒకరు అందుకుంటే, 'నా వాకిలి నాకిడిసిపో' అని వందమంది అంటున్నారు. తాళం వేసినవాడెవడో, వెళ్లిపోవలసిందెవరో అక్కడ విడిగా చెప్పక్కర్లేదు. మా జిల్లా ఓనరు మీద నేను పడ్డ ఏడుపు, వందమంది గొంతుల్లోంచి తిరిగి నా మీదికే వస్తోంది. వాళ్ల కోపం అబద్ధమని నేననను. అంతమందికి ఆ మాటలు అంత సొంతంగా తగిలాయంటే వాళ్ల గడపల్లోనూ ఏదో జరిగే ఉంటుంది. కానీ అంత న్యాయంగా ఆలోచించడం ఇంట్లో కూర్చున్నప్పుడే. స్కూటరు మీద ఆ చౌరస్తా దాటేటప్పుడు కాదు.

అమ్మా నాన్నా కూడా ఊరు నుంచి వచ్చేశాక మా ఇల్లు ఎల్బీనగర్‌లో. రోజూ ఆ శిబిరం ముందునుంచే పోవాలి. మా నాన్న సాంబమూర్తి స్కూటరుకు 'జై తెలంగాణ' స్టిక్కర్లు రెండు అంటించాడు, ముందొకటి వెనకొకటి. "ఒకటి వానకు ఊడినా ఇంకోటి ఉంటుంది" అన్నాడు. ఒక మధ్యాహ్నం ట్రాఫిక్ ఆగి సరిగ్గా శిబిరం పక్కనే నిలబడాల్సి వచ్చింది. సమ్మెలో ఉన్న కండక్టరు అంతయ్య అక్కడ పెద్దమనిషి. నవ్వుతూ దగ్గరికొచ్చాడు.

"ఏ ఊరన్నా మనది?"

"కోదాడ."

"మంచిది. జర ఒక లైను అందుకో అన్నా, పొద్దటి సంది మా గొంతులు పోయినయ్."

మైకు నా మూతి దగ్గర పెట్టాడు. ప్రమాణం చేసి చెబుతున్నాను, నా పాట నాకు గుర్తు రాలేదు. 'నా వాకిలి' దాకా అని ఆగిపోయాను. వందమంది మిగతాది పూర్తిచేశారు. అంతయ్య నా భుజం తట్టి పంపించాడు. ఎంత మంచిగా తట్టాడంటే ఇంటికెళ్లాక వాంతి అయింది.

ఇక క్లాసులో నా బతుకు ఇంకా అధ్వాన్నం. మూడో ఆల్బం నాలుగో పాటలో ఒక దగ్గు వినిపిస్తుంది. ఆ దగ్గు మీద వారం రోజులు చర్చ నడిచింది. అది కావాలని తాళానికి కలిపిందని తీతు. కాదు, అప్పటికే ఆయన జబ్బు మనిషి, పాపం ఆపుకోలేకపోయాడని తన్మయి. ఫోనును బెంచీ మీద పెట్టి ఆ దగ్గునే పదే పదే వినిపించేవాళ్లు. ఆ దగ్గు నాది. దోమలచక్రం పొగకు దగ్గాను, ఆనంద్ మళ్లీ రికార్డు చేయడానికి బద్ధకించాడు. వాళ్లు అలా వింటుంటే నాకు గొంతులో గరగర పుట్టేది. దగ్గితే దొరికిపోతానని కళ్లలో నీళ్లు తిరిగేదాకా బిగబట్టుకునేవాణ్ణి.

అసలు ప్రమాదం శుక్రవారం వచ్చింది. కరెంటు లేదు. షట్టరు కింది సందులోంచి వచ్చే వెలుగులో కూర్చుని ఆ రోజు ఐదో పాట పట్టుకున్నారు.

"ఈ పాట ఆయన రాసింది కాదు" అంది తన్మయి.

నేను బోర్డు తుడుస్తున్నవాణ్ణి అలాగే ఆగిపోయాను.

"ఏమంటున్నవ్?" అన్నాడు తీతు.

"మిగతా ముప్పై పాటలూ వినండి. అమ్మ పదకొండు పాటల్లో వస్తుంది. పదకొండిట్లోనూ నిలబడే ఉంటుంది. ఊడుస్తుంది, మోస్తుంది, నడుస్తుంది. ఆయనకు తెలిసిన అమ్మ అది. ఇక్కడొక్క చోటే కూర్చుంది. ఈ అమ్మ వేరే అమ్మ."

"అమ్మంటె తెలంగాణ తల్లి. అన్నాయం అయితె కూసోదా?"

"తెలంగాణ తల్లి అన్నం మాడుతోందని బాధపడుతుందా తీతూ? ఇది నిజంగా ఒక ఇంటి ముందు జరిగింది. ఆ వాసన చూసినవాడెవడో రాసిచ్చాడు. ఈయన పాడాడు."

ఇరవై రెండేళ్ల పిల్ల, నన్ను చూడకుండానే నా తొమ్మిదో తరగతి గుమ్మం ముందు నిలబడి ఉంది. ఇంకెప్పుడైనా అయితే కాళ్లకు మొక్కేవాణ్ణి. నేను రాసిందాన్ని అంత శ్రద్ధగా చదివిన మనిషి అంతకు ముందు లేరు, ఆ తర్వాతా లేరు.

తీతు లేచాడు. మొహం ఎర్రబడింది. "మా నీళ్లు మాయి గావంటరు, మా కొలువులు మాయి గావంటరు. ఆఖరికి మా పాట గూడ మాది గాదా?"

"నేనలా అన్నానా?"

"మరెట్లన్నవ్? ఎవడు రాసిచ్చిండు? మీ రాజమండ్రోడా?"

ఇద్దరూ నావైపు తిరిగారు. "సార్, మీరు చెప్పుండ్రి" అన్నాడు తీతు. నేను రీజనింగ్ టీచర్ని, న్యాయం చెప్పగలనని వాడి నమ్మకం. "రెండు వాదాలూ బాగున్నాయి" అన్నాను. అంత నీచమైన వాక్యం నా జన్మలో ఇంకోటి చెప్పలేదు.

"సరె. రుజువు సూపిస్త" అన్నాడు తీతు. "ఆయన అమ్మ ఎలీశమ్మ మా చర్చికే ఒస్తది. ఆయన పాటల నోట్‌బుక్ ఆమె తాన భద్రంగ ఉన్నదంట. ఆదివారం ప్రార్థన అయినంక తెస్త. గా పేజీ అట్లనే ఫొటో దీసి ఫ్లెక్సీ ఏపిస్తం. శిబిరం కాడ ఆరడుగులు నిలవెడ్తం. అందరు సూస్తరు ఎవరి చేతిరాతనో."

నాది ఎడమ చేతి వాటం. అక్షరాలన్నీ గోడకు ఆనుకుని కూర్చున్నట్టు వెనక్కి వాలి ఉంటాయి. పెన్ను ఒత్తి రాస్తాను, బోర్డు మీదైతే సుద్దముక్క విరుగుతుంది. ఆ వాలుడు అక్షరాలు క్లాసులో అందరికీ తెలుసు, నా ముందే అనుకరించి నవ్వుకుంటారు. అరవై మంది రోజుకు రెండు గంటల చొప్పున ఏడాదిగా చూస్తున్న రాత అది. ఫ్లెక్సీ వేస్తే, చౌరస్తాలో నా వేలిముద్ర ఆరడుగులు నిలబెట్టినట్టే.

సాపు రాసిచ్చానంతే అని చెప్పుకోవచ్చు. మరి తెలీదని ఎందుకన్నావు? కోదాడ అని ఎందుకన్నావు? ఇన్నాళ్లూ మా మాటలు వింటూ మూగనోము ఎందుకు పట్టావు? నిజం చెప్పడానికి అన్ని దారులూ నేనే ఒక్కోటిగా మూసుకొచ్చాను. ఇప్పుడు బయటపడితే పాట దొంగది అవుతుంది, ఆనంద్ దొంగవుతాడు, నేను వాళ్ల మధ్యన దాక్కున్న ఆంధ్రావాణ్ణి అవుతాను. ఆ తర్వాత ఏం జరుగుతుందో ఊహించడానికి నాకున్నంత తెలివి ఇంకెవరికీ ఉండదు. సెంటరు తగలబడటం దగ్గర మొదలుపెట్టి మా నాన్న ఆస్పత్రిలో ఉండటం దాకా వెళ్లిపోయాను.

శనివారం పొద్దున్నే మీర్‌పేట్ వెళ్లాను. ఆ పేజీ చింపేయడానికి.

ఎలీశమ్మది రెండు గదుల రేకుల ఇల్లు. ఒక ప్రైవేటు బడిలో ఆయా. సమ్మెకు బడులు మూతపడి ఇంట్లోనే ఉంది. ఆనంద్‌ను మట్టిచేసిన రోజు తర్వాత నేను ఆ గడప తొక్కలేదు.

"గౌతమ్వా? లోపటికి రా బిడ్డా. గిన్నేండ్లకు యాదికొచ్చిన్నా?"

"పని ఎక్కువైందమ్మా" అన్నాను. సిగ్గుతో తల ఎత్తలేకపోయాను.

నోట్‌బుక్ గురించి నేను అడగనే లేదు. తనే దిండు గలీబులోంచి తీసి నా ఒళ్లో పెట్టింది. "రేపు తీతు వాళ్లు ఒస్తరంట. వాని పాట పెద్దగ ఏస్తరంట రోడ్డు మీద. సూడు బిడ్డా, జర సేపు సూస్కో. నేను చాయ్ పెడ్త."

ఆమె లోపలికి వెళ్లగానే పేజీలు తిప్పాను. ఆనంద్ గీతలు, కొట్టివేతలు, చాయ్ మరకలు, మధ్యలో నీట్‌గా నా పేజీ. పైనుంచి పట్టుకుని లాగాను. అర అంగుళం చిరిగింది. ఆ చప్పుడు నాకు తుపాకీ పేలినంత వినిపించింది. సరిగ్గా అప్పుడే పంచదార డబ్బా కోసం ఎలీశమ్మ బయటికొచ్చింది. చిరుగు కనబడకుండా గభాలున పేజీ మీద అరచెయ్యి పరిచాను.

ఆమె ఆగిపోయింది. నా చేతి వైపే చూస్తోంది. అయిపోయింది అనుకున్నాను.

"నువ్వు గూడ గా పేజీ మీదనే చెయ్యి పెట్టినవా బిడ్డా?" అంది. పక్కనే వచ్చి కూర్చుంది. "నేను గూడ గంతే. రోజు పొద్దుగాల ప్రార్థన జేస్కుంట గా పేజీ మీదనే చెయ్యి పెడ్త. కడమయన్ని ఆగమాగం రాసిండు. గిదొక్కటే కుదురుగ కూసోని ఒత్తి ఒత్తి రాసిండు. నాకు సదువు రాదు గని, ఏలు పెట్టి తడిమితె అచ్చరాలు తగుల్తయ్. వాడు పక్కన కూసున్నట్టే ఉంటది."

నా చెయ్యి పక్కన తన చెయ్యి పెట్టి, నా అక్షరాలను వేలితో తడిమింది.

చాయ్ తాగాను. ఎలా తాగానో తెలియదు. పేజీ పేజీలాగే ఉంది. దొంగతనం కూడా చేతకాలేదు నాకు. గేటు దాటుతుంటే ఆమె, "మళ్ల రా బిడ్డా, వాని దోస్తులల్ల నువ్వొక్కనివే ఒచ్చినవ్" అంది. స్కూటరు స్టార్టు కావడానికి ఆరుసార్లు తన్నాల్సి వచ్చింది. ఆ ఆరుసార్లూ ఆమె గుమ్మంలోనే నిలబడి ఉంది.

మధ్యాహ్నం క్లాసుకు వెళ్లి రక్త సంబంధాల లెక్కలు చెప్పాను. బోర్డు నిండా రాశాను. కరెంటు పోయి క్లాసు మధ్యలోనే వదిలేశాం. ఆదివారం ఇంట్లోంచి కదల్లేదు. సెల్ మోగితే ఉలిక్కిపడ్డాను. జ్వరం వస్తే బాగుండునని మొక్కుకున్నాను, రాలేదు.

సోమవారం సెలవు పెడదామంటే అమ్మ ఒప్పుకోలేదు. మా అమ్మ ఇందిరాదేవిని దిల్‌సుఖ్‌నగర్‌లో దింపాలి, పండగ సామాను కొనాలట. ముందురోజే ఆమెకు కొత్త కళ్లజోడు వచ్చింది. వెనక కూర్చుని దారిలో కనబడ్డ ప్రతి బోర్డూ పైకి చదువుతోంది. మందుల షాపు, టైర్ల షాపు, ఎంసెట్ ర్యాంకులు. వద్దనడానికి నాకు మనసు ఒప్పలేదు, ఆమె అంత సంతోషంగా ఉంది.

చౌరస్తాలో అది నిలబడి ఉంది. ఆరడుగులు కాదు, పది. పైన ఆనంద్ ఫొటో, కింద నా పేజీ. ఒక్కో అక్షరం అరచెయ్యంత ఉంది. అన్నీ వెనక్కి వాలి, అన్నీ నావే. ముందు ఆడవాళ్లు బతుకమ్మలు పెట్టి ఆడుతున్నారు. దారి మూసుకుపోయి స్కూటరు ఆపాల్సి వచ్చింది.

"నీ తాళం నువ్వే తీస్కపో" అమ్మ మొదలుపెట్టింది. "నా వాకిలి... ఒరేయ్, ఇది నీ రాత కదరా?"

మామూలుగానే అంది. మా అమ్మ మామూలు గొంతు నాలుగిళ్లకు వినపడుతుంది. అంతయ్య తల తిప్పాడు. ఇద్దరు కుర్రాళ్లు కూడా తిప్పారు. స్కూటరు పక్కకు ఒరిగింది, అమ్మే కాలు ఆన్చి నిలబెట్టింది.

"ఏమంటుందన్నా అమ్మ?" అన్నాడు అంతయ్య దగ్గరికి వస్తూ.

"కొత్త కళ్లజోడన్నా. అన్నీ చదువుతోంది" అన్నాను.

"సదువమ్మా, మంచిగ సదువు. మా పోరడు రాసిండు" అన్నాడాయన ప్రేమగా.

అమ్మ మిగతాది లోలోపల చదువుకుంది. మెట్ల మీద అమ్మ కూసుంది అన్న చోటికి వచ్చిందని నాకు తెలిసింది, ఎందుకంటే నా భుజం మీద ఉన్న ఆమె చెయ్యి ఒక్కసారి బిగిసింది. దారి తెరుచుకుంది. కొత్తపేట దాటేదాకా ఆమె ఒక్క బోర్డూ చదవలేదు. తర్వాత నా చెవి దగ్గర మెల్లగా అంది.

"ఆ రోజు పక్క పొయ్యి మీద పప్పు కూడా పెట్టానురా. అది రాయలేదు నువ్వు."

దిల్‌సుఖ్‌నగర్‌లో దింపాక పైటతో నా మొహం తుడిచింది. "నాన్నకు చెప్పను. నువ్వు జాగ్రత్త" అని సంచి తీసుకుని వెళ్లిపోయింది. ఆమె మొహంలో అంతకుముందున్న సంతోషం లేదు. నా భయం ఆమెకూ అంటించాను.

చైతన్యపురిలో షట్టరు కింద వంగి లోపలికి వెళ్లేసరికి అరవై మందీ వచ్చేశారు. అందరూ అదే మాట్లాడుకుంటున్నారు. ఫ్లెక్సీ చూసినవా, చూసిన్రా, చూశారా. శనివారం నేను బోర్డు నిండా రాసి వదిలేసిన లెక్కలు గుర్తొచ్చాయి. అందరి కళ్ల ముందూ రెండూ ఉన్నాయి ఇప్పుడు, అదీ ఇదీ. తల ఎత్తి చూశాను.

బోర్డు దగ్గర తీతు ఉన్నాడు. డస్టరు కాదు, తడి చేసిన రుమాలుతో తుడుస్తున్నాడు. మూలమూలలా, సుద్ద మరక కూడా మిగలకుండా. పూర్తయ్యాక సుద్దముక్క చేతిలోకి తీసుకుని క్లాసు వైపు తిరిగాడు.

"సార్‌కు చెయ్యి బెణికిందంట. ఇగ నుంచి సార్ చెప్తరు, బోర్డు మీద నేను రాస్త."

తన్మయి ఒక్కతే నావైపు చాలాసేపు చూసింది. నా ఎడమ చేతి వైపు చూసింది. తర్వాత పక్కనున్నవాళ్లకు వినబడేలా, "శుక్రవారం నేనన్నది తప్పు తీతూ. పాట ఆయనదే" అని నోట్సు తెరుచుకుంది. అబద్ధమాడటం అలవాటు లేని పిల్ల, మాట పూర్తయ్యేసరికి చెవులు ఎర్రబడ్డాయి.

నేను బల్ల దగ్గరికి వెళ్లాను. తీతు పక్కకు జరిగి, పుస్తకం చూస్తున్నట్టు తల వంచి, నాకు మాత్రమే వినబడేలా అన్నాడు.

"నిన్న నోట్‌బుక్ తెరిసినప్పుడే తెలిసింది సార్. అప్పటికే ఫ్లెక్సీ వాళ్లు పక్కన నిలవడ్డరు. వద్దంటె ఎందుకని అడుగుదురు. శనివారం మీరొచ్చి పోయిన్రని ఎలీశమ్మ గూడ చెప్పింది."

"తీతూ, నేను..."

"మీది ఏ ఊరో నాకు ఒద్దు సార్. కోపం లేదని చెప్ప, మస్తున్నది. గది మనిద్దరం ఎప్పుడన్న మాట్లాడుకుందం." వాడి చేతిలో సుద్దముక్క వణుకుతోంది. భయపడుతున్నది నేనొక్కణ్ణే కాదని అప్పుడు తెలిసింది. "కని ఒక్కటి. ఏమైన గాని, ఎన్నడన్న మీకు ధైర్యం రాని, ఎలీశమ్మకు మాత్రం చెప్పకుండ్రి. సాయంత్రంలోపు నోట్‌బుక్ తెచ్చియ్యమని నాతోని ఒట్టేపిచ్చుకున్నది సార్. పొద్దుగాల ప్రార్థనకు కావాలంట."

ఇన్ని రోజులుగా సెంటరు గురించి భయపడ్డాను, నాన్న గురించి, నా ఒంటి గురించి భయపడ్డాను. ఆ ముసలామె చేతికింది నుంచి కొడుకును లాగేసుకోవడం నా నోట్లో ఉన్న ఒక్క నిజంతో అయ్యే పని అని నాకు తట్టనేలేదు. ఆమె పక్కన కూర్చుని చాయ్ తాగి కూడా తట్టలేదు. ఇది వాడికి తట్టింది. ఇప్పుడు కొత్తగా ఇంకో భయం పట్టుకుంది నన్ను. ఇది సమ్మె అయిపోయినా పోదు, రాష్ట్రం వచ్చినా రాకపోయినా పోదు.

"చెప్పను" అన్నాను.

తీతు తల ఊపి బోర్డు వైపు తిరిగాడు. వెనక బెంచీలో ఎవరో ఫోనులో ఐదో పాట సన్నగా పెట్టి, మళ్లీ ఆపేశారు. అరవై మందీ పెన్నులు పట్టుకుని నేను చెప్పడం కోసం చూస్తున్నారు.

"రాసుకోండి" అన్నాను. ఎడమ చెయ్యి ప్యాంటు జేబులో పెట్టుకున్నాను. "ఒక ఫొటోను చూపిస్తూ ఒకామె, ఇతడు నా ఒక్కగానొక్క కొడుకు అంది..."

శనివారం సగంలో ఆగిన పాఠాన్ని మళ్లీ మొదటినుంచి అందుకున్నాను, లెక్క అలాగే మొదలవుతుంది. రక్త సంబంధాల పాఠంలో ఎప్పుడూ మొదట చెప్పేది అదే. నేను అక్కడ ఆగిపోయాను. తీతు కూడా 'కొడుకు' దాకా రాసి, వెనక్కి తిరగకుండా, నేను తర్వాతి మాట చెప్పేదాకా అలాగే నిలబడ్డాడు.